గీతకు రెండు కొసలు

ప్రోగ్రాములోని వస్తువులను గీసి చూపే క్లాస్ డయాగ్రంలో క్లాసు అంటే ఒక పెట్టె. పెట్టెకు మూడు అరలు. పై అరలో పేరు, నడిమి అరలో ఆ వస్తువు తన గురించి తాను గుర్తుంచుకునే సంగతులు, అడుగు అరలో అది చేయగల పనులు. ‘టికెట్టు’ అనే క్లాసు గీయాలంటే పైన పేరు రాసి, మధ్యలో టికెట్టు నంబరు, ఛార్జీ, కొన్న తేదీ వేసి, కింద ‘రద్దు చేయి’, ‘తేదీ మార్చు’ లాంటివి రాస్తే అయిపోతుంది. ఒక పెట్టె గీయడానికి అర నిమిషం చాలు. రెండో పెట్టె గీసి, రెండింటి మధ్యా గీత లాగాకే అసలు పని మొదలవుతుంది. ఆ గీతకు రెండు కొసలు. రెండు కొసల దగ్గరా ఒక్కో అంకె వేయాలి. ఇటు ఒకదానికి అటు ఎన్ని? అటు ఒకదానికి ఇటు ఎన్ని? ఈ రెండు అంకెలూ చెప్పలేకపోతే గీసేవారికి విషయం ఇంకా తెలియలేదన్నమాట. తెలియలేదన్న సంగతి తెలియడమే ఈ బొమ్మలతో వచ్చే మొదటి లాభం. పెద్ద లాభం కూడా బహుశా అదే.

దూరప్రాంతపు బస్సుల్లో ముందుగా సీట్లు అమ్మే ఏర్పాటును బొమ్మ గీయబోతే ఇది తేటపడుతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు రాత్రి పదింటికి ఒక బస్సు ఉంది. తెలుగువారి నోట ‘బస్సు’ అన్న ఒక్క మాట మూడు మాటల చాకిరీ చేస్తుంది. ‘పదింటి బస్సుకు వస్తున్నా’ అన్నప్పుడు అది రోజూ అదే వేళకు నడిచే సర్వీసు. ‘నిన్నటి బస్సు రెండు గంటలు లేటు’ అన్నప్పుడు ఒకానొక రాత్రి వేసిన ట్రిప్పు. ‘బస్సు సూర్యాపేట దగ్గర ఆగిపోతే వేరే బస్సు పంపారు’ అన్నప్పుడు నంబరు ప్లేటు తగిలించుకున్న ఇనుప బండి. వినేవాళ్లు ఎవరూ తికమకపడరు, సందర్భం అర్థాన్ని అందిస్తుంది. ప్రోగ్రాముకు ఆ వసతి లేదు. ‘బస్సు’ అని ఒకే పెట్టె గీసి అందులో నంబరు ప్లేటు, బయలుదేరే వేళ, ఫలానా తేదీ అన్నీ కుక్కితే మొదటి వారం బాగానే నడుస్తుంది. బండి మారిన రోజున, ఆ మార్పు పాత ట్రిప్పులన్నిటికీ పాకి, పోయిన నెల ఎవరు ఏ బండిలో వెళ్లారో తెలియకుండా పోతుంది. డిపోలో పనిచేసేవాళ్లు ఈ మూడింటికీ మూడు పేర్లు ఏనాడో పెట్టుకున్నారు: సర్వీసు, ట్రిప్పు, బండి. మంచి క్లాస్ డయాగ్రంలో సగం పేర్లు ఇలా ఆ పని చేసేవాళ్ల నోటి నుంచి అరువు తెచ్చుకున్నవే అయి ఉంటాయి.

మూడు పెట్టెలు గీశాక గీతలు. సర్వీసుకూ ట్రిప్పుకూ మధ్య గీతలో పేచీ లేదు. ఒక సర్వీసుకు ఎన్నో ట్రిప్పులు, ఒక ట్రిప్పుకు ఒకే సర్వీసు. ‘ఎన్నైనా’ అనడానికి ఈ బొమ్మల లిపిలో నక్షత్రం గుర్తు. ట్రిప్పుకూ బండికీ మధ్య గీత దగ్గరే తిరకాసు. ఒక ట్రిప్పుకు ఎన్ని బండ్లు? అడగ్గానే వచ్చే జవాబు ‘ఒకటే కదా’ అని. కానీ టికెట్లు వారాల ముందే అమ్ముతారు, ఏ బండిని పంపాలో డిపో అప్పటికి తేల్చి ఉండదు. అప్పుడు సంఖ్య సున్నా. సూర్యాపేట దగ్గర బండి ఆగిపోయి రెండోది వచ్చింది. అప్పుడు రెండు. ‘1’ అని వేసిన చోట ‘0..*’ అని దిద్దాలి. బొమ్మలో అది ఒక సున్నా, రెండు చుక్కలు, ఒక నక్షత్రం. ప్రోగ్రాములో మాత్రం పెద్ద మార్పు. ఒకే విలువ పట్టే చోట ఇప్పుడు జాబితా కావాలి, ఆ జాబితా ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేయాలో ప్రతి చోటా చెప్పాలి. ఈ మార్పు బోర్డు మీద జరిగితే డస్టరు చాలు. ఆరు నెలల తర్వాత, లక్షల టికెట్లు డేటాబేసులో చేరాక జరిగితే కొన్ని వారాల నిద్ర పోతుంది.

సీటు సంగతి ఇంకా చిత్రం. సీటు బండికి బిగించి ఉంటుంది కాబట్టి బండి పెట్టెకు గీత కలపాలనిపిస్తుంది. అమ్మేది మాత్రం బండిలోని సీటును కాదు, ఫలానా రాత్రి ట్రిప్పులోని సీటును. టికెట్టు అమ్మే వేళకు బండే ఖరారు కాలేదు మరి. నలభై సీట్ల బండి వస్తుందని అమ్మి, ముప్పై ఆరు సీట్ల బండి పంపిన రాత్రి 38వ నంబరు టికెట్టు పట్టుకున్న మనిషి గతేమిటి? ఈ ప్రశ్న ప్రోగ్రామరుకు తట్టాల్సింది కాదు, అతని దగ్గర జవాబూ లేదు. డిపో మేనేజరును అడగాలి. బొమ్మ లేకపోయినా ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, కాకపోతే అడిగేది ఆ 38వ నంబరు మనిషి.

గీతల్లో రకాలున్నాయి. కొసన బోలు వజ్రం గుర్తు ఉంటే ‘ఇందులో అది భాగం’ అని అర్థం. నిండు వజ్రం ఉంటే భాగమే కాక, మొత్తం పోతే భాగమూ పోతుందని. బిల్లుకూ బిల్లులోని వరసలకూ నిండు వజ్రం నప్పుతుంది. బిల్లు చింపేశాక వరసలు మిగలవు. బోలు వజ్రం మాత్రం ఎన్నో మీటింగుల కాలం మింగిన గుర్తు. డిపోకు బండి భాగమా, లేక ఊరికే సంబంధమా అని ఇద్దరు ఇంజనీర్లు గంటసేపు వాదించుకోగలరు. ఎటు తేలినా రాసే ప్రోగ్రాము ఒకటే. ఈ లిపిని రూపొందించిన ముగ్గురూ కలిసి రాసిన పుస్తకంలోనే ఈ గుర్తును మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చారు. వాడేవారికి తృప్తి, రోగానికి తేడా లేదు. లిపిలో ఒక గుర్తు ఉంది కాబట్టి వాడి తీరాలనుకోవడం కొత్తగా నేర్చినవారి బలహీనత.

బోలు త్రికోణం కథ వేరు. అది వారసత్వానికి గుర్తు. పిల్ల క్లాసు నుంచి తల్లి క్లాసు వైపు చూపిస్తుంది. వంశవృక్షాలు పైనుంచి కిందికి గీయడం అలవాటైనవారికి ఈ బాణం తలకిందులుగా కనిపిస్తుంది. కారణం ఉంది. పిల్లకు తల్లి ఎవరో తెలుసు, తల్లికి తన కింద ఎన్ని పిల్లలు పుట్టబోతున్నాయో తెలియదు. ఈ బొమ్మల్లో బాణం చూపేది అధికారాన్ని కాదు, ఎవరికి ఎవరు తెలుసో దాన్ని.

త్రికోణం గీయడంలో ఉన్నంత సులువు, గీసిన దాంతో వేగడంలో లేదు. బస్సు సంస్థలో ‘ఉద్యోగి’ అని తల్లి పెట్టె గీసి, కింద ‘డ్రైవరు’, ‘కండక్టరు’ అని రెండు పిల్ల పెట్టెలు పెడితే చూడముచ్చటగా ఉంటుంది. కాలేజీ పుస్తకాల్లో అచ్చం ఇలాంటి బొమ్మలే ఉంటాయి. అయితే కండక్టరు లేకుండా డ్రైవరే టిమ్ మెషీను పట్టుకుని టికెట్లు ఇచ్చే సర్వీసులున్నాయి. ఆ మనిషి ఏ పెట్టెలోకి వెళ్లాలి? రెండింటి కిందా మూడో పెట్టె పెడితే, రేపు కండక్టరుకు డిపోలో గుమాస్తా పని అప్పగించినప్పుడు నాలుగోది, ఐదోది పుట్టుకొస్తాయి. పైగా చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఒక క్లాసు నుంచి పుట్టిన వస్తువు, అంటే ఆబ్జెక్టు, తన క్లాసు మార్చుకోలేదు. డ్రైవరుగా పుట్టినవాడు డ్రైవరుగానే పోవాలి. మనుషుల ఉద్యోగాలకు అంత కర్మసిద్ధాంతం పనికిరాదు. డ్రైవరు, కండక్టరు అన్నవి మనిషి జాతులు కావు, ఆ రోజుకు వేసుకున్న వేషాలు. ‘ఉద్యోగి’ పక్కన ‘డ్యూటీ’ అని ఇంకో పెట్టె గీసి, ఒక ఉద్యోగికి ఒక ట్రిప్పులో ఒకటో రెండో డ్యూటీలు అని గీత కలిపితే చిక్కు విడిపోతుంది. ఏసీ బస్సు, స్లీపర్ బస్సు, ఏసీ స్లీపర్ బస్సు అంటూ చెట్టు కట్టేవారికీ ఇదే గతి. కొమ్మలు పెరుగుతాయి గానీ నీడ రాదు.

తల్లి క్లాసును ఆశించిన చోట పిల్ల క్లాసును పెట్టినా ప్రోగ్రాము తడబడకూడదన్న నియమాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక సదస్సు ప్రసంగంలో చెప్పారు. త్రికోణం గీసే ముందు వేసుకోవలసిన పరీక్ష అది. దురదృష్టం ఏమిటంటే, ఆ పరీక్ష బొమ్మలో కనబడదు. త్రికోణం సరైనదైనా తప్పైనా ఒకేలా కనిపిస్తుంది. అంకెలు ప్రశ్న అడుగుతాయి, త్రికోణం అడగదు. అందుకే క్లాస్ డయాగ్రంలో తప్పులు ఎక్కువగా దాక్కునే చోటు అదే.

ఈ పెట్టెల వెనుక ఉన్న ఆలోచన నార్వేలో పుట్టింది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ 1960లలో సిమ్యులా భాషను తయారుచేశారు. లోకంలో జరిగే వ్యవహారాలను కంప్యూటరులో అనుకరించి చూడటం దాని ఉద్దేశం. క్యూలో నిలబడ్డవారు, కౌంటర్లు, యంత్రాలు ఒక్కొక్కటీ ఒక్కో వస్తువుగా ప్రోగ్రాములో ఉండాలి. 1967 నాటి రూపంలో క్లాసు, ఆబ్జెక్టు, వారసత్వం మూడూ వచ్చేశాయి. తర్వాత అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో ఆలన్ కే బృందం స్మాల్‌టాక్ భాషతో ఈ ఆలోచనను మరో మెట్టు ఎక్కించింది.

బొమ్మల చరిత్ర అంతకంటే పాతది. ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు ఫ్యాక్టరీ పనుల వరుసను గుర్తులతో చూపే పద్ధతిని 1921లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టారు. ప్రోగ్రాములకు ఫ్లో చార్టులు గీయడం 1940లలో హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ నాయ్‌మన్‌ల చేతుల మీదుగా మొదలైంది. ఫ్లో చార్టు ఒకే ప్రశ్నకు జవాబు చెబుతుంది: తర్వాత ఏం జరుగుతుంది? అదుపు ఒక చోట ఉండి, ఒక దారిన నడిచే ప్రోగ్రాముకు అది చాలు. నలభై వస్తువులు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ పనిచేసే చోట ‘తర్వాత ఏమిటి’ కన్నా ‘ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఎవరు తెలుసు’ అన్నది ముందు తేలాలి. డేటాబేసుల వైపు నుంచి ఈ ప్రశ్నను పీటర్ చెన్ 1976లో తన ఎంటిటీ రిలేషన్‌షిప్ నమూనాతో అడిగారు. గీత కొసల దగ్గర సంఖ్యలు వేసే అలవాటుకు అక్కడ గట్టి పునాది పడింది.

1990ల మొదటికి ఆబ్జెక్టుల బొమ్మలు గీసే పద్ధతులు పుట్టగొడుగుల్లా లేచాయి. గ్రేడీ బూచ్ క్లాసును చుక్కల అంచు ఉన్న మబ్బులా గీసేవాడు. క్లాసు అన్నది హద్దులు కచ్చితంగా లేని ఊహ కాబట్టి మబ్బు తగిన రూపమని వాదన. వాదన బాగుంది, మబ్బు గీయడమే కష్టం. జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయంలో జేమ్స్ రంబా బృందం తయారుచేసిన పద్ధతిలో సాదా పెట్టెలు ఉండేవి. స్వీడన్‌లో ఎరిక్‌సన్ సంస్థలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మీద పనిచేసి వచ్చిన ఈవార్ యాకబ్‌సన్, బొమ్మ గీయడం మొదలుపెట్టాల్సింది వస్తువులతో కాదు, వాడుకునే మనిషి ఏం చేయదలచాడన్న దానితో అన్నాడు. యూజ్ కేస్ డయాగ్రంలోని పుల్లల మనిషి అక్కడి నుంచి వచ్చినవాడే. ఒకే డిజైనును ఒక కంపెనీలో మబ్బులతోనూ ఇంకో కంపెనీలో పెట్టెలతోనూ గీసుకుంటూ, ఎవరి గుర్తులు గొప్పవని వాదులాడుకున్న ఆ కాలానికి ‘పద్ధతుల యుద్ధం’ అన్న పేరు మిగిలింది.

యుద్ధం సంధితో ముగిసింది. బూచ్ పనిచేసే రేషనల్ సంస్థలో 1994లో రంబా చేరాడు. మరుసటి ఏడు యాకబ్‌సన్ కంపెనీని రేషనల్ కొనేసింది. ముగ్గురూ కలిసి తమ గుర్తులను ఒకటిగా కుదించారు. 1997 నవంబరులో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ దాన్ని ఆమోదించింది. అదే యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్, పొట్టిగా యూఎంఎల్. సంధుల్లో సాధారణంగా జరిగేదే ఇక్కడా జరిగింది. ఎవరికీ నొప్పి కలగకుండా అందరివీ చేర్చారు. 2005లో వచ్చిన రెండో రూపం నుంచి తర్వాతి దిద్దుబాట్ల వరకు చూస్తే బొమ్మల రకాలు పద్నాలుగుకు చేరాయి. సగం నిర్మాణాన్ని చూపేవి, సగం నడకను చూపేవి. నియమావళి ఏడువందల పేజీలు దాటింది. ఎక్కువమంది వాడేది అందులో మూడు నాలుగు రకాలనే. ప్యాకేజీ, డిప్లాయ్‌మెంట్ లాంటివి అవసరం పడ్డప్పుడు చూసుకోవచ్చు. టైమింగ్ డయాగ్రం చేత్తో గీసిన ప్రోగ్రామర్లు అరుదు.

ఆ మూడు నాలుగింటిలో క్లాస్ డయాగ్రం తర్వాత చెప్పుకోవలసింది సీక్వెన్స్ డయాగ్రం. టెలిఫోన్ ఇంజనీర్ల ప్రపంచం నుంచి వచ్చిన వరం ఇది. ఈ ఎక్స్ఛేంజి ఆ ఎక్స్ఛేంజికి ఏ సంకేతం పంపింది, అటునుంచి ఏం తిరిగొచ్చింది అన్నది చూపడానికి వాళ్లు ఇలాంటి బొమ్మలు ఎప్పటి నుంచో గీసుకుంటున్నారు. పాల్గొనేవాళ్లు పైన వరసగా నిలబడతారు. ప్రతి ఒక్కరి కిందా ఒక చుక్కల గీత వేలాడుతుంది. కాలం పైనుంచి కిందికి జారుతుంది. కబురు పంపడం అంటే ఒక గీత నుంచి ఇంకో గీతకు బాణం. చదవడానికి ఎవరికీ శిక్షణ అక్కర్లేదు, వీధినాటకంలా ఎవరు ఎవరితో ఏమన్నారో కనిపిస్తూనే ఉంటుంది.

బస్సు సీటు కొనే ఘట్టాన్ని ఇందులో గీస్తే క్లాస్ డయాగ్రంలో కనబడని గుంట బయటపడుతుంది. ప్రయాణికుడు, వెబ్‌సైటు, ట్రిప్పు, బ్యాంకు అని నలుగురు పాత్రధారులు. ప్రయాణికుడు కిటికీ పక్క సీటు ఎంచుకుంటాడు. వెబ్‌సైటు ట్రిప్పును ‘ఖాళీయేనా’ అని అడుగుతుంది. ‘ఖాళీయే’ అని తిరుగు బాణం. తర్వాత డబ్బు కోసం బ్యాంకుకు బాణం. బ్యాంకు నుంచి తిరుగు బాణం రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు, ఓటీపీ వెతుక్కోవాలి కదా. బొమ్మలో ఆ నిమిషాలు తెల్లగా, పొడుగ్గా కనిపిస్తాయి. ఆ తెల్లదనంలో ఇంకో ప్రయాణికురాలిని నిలబెట్టి చూడాలి. ఇతను గుంటూరులో, ఆవిడ కూకట్‌పల్లిలో. ఆవిడా అదే సీటు అడిగింది. ట్రిప్పు ఏమని జవాబు చెప్పాలి? ‘ఖాళీయే’ అంటే ఒకే సీటుకు ఇద్దరు డబ్బు కడతారు. ‘లేదు’ అంటే, ఎవరి కోసం ఎంతసేపు పట్టి ఉంచాలో ట్రిప్పుకు తెలిసి ఉండాలి. అంటే ‘ఖాళీయేనా’ అని అడగడమే తప్పు, ‘నా కోసం పట్టి ఉంచు’ అని అడగాలి. ఒక బాణం మీది మాట మారింది. క్లాస్ డయాగ్రంలో అడుగు అరలో ఒక కొత్త పని చేరింది. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకదానితో ఒకదాన్ని సవరించడమంటే ఇదే. ఒక్క బొమ్మనే నెలల తరబడి నగిషీ చెక్కేవారికి ఈ దిద్దుబాటు దొరకదు.

ఇంకో గుంట మిగిలే ఉంది. బ్యాంకు నుంచి తిరుగు బాణం అసలు రాకపోతే? డబ్బులు కట్ అయ్యాయి, టికెట్టు రాలేదు అన్న మొర వినని ఇల్లు ఉండదు. ఆ మొర పుట్టిన చోటు ఈ గీయని బాణమే. దీన్ని తేల్చుకోవడానికి స్టేట్ డయాగ్రం ఎక్కువ సాయపడుతుంది. ట్రిప్పులోని ఒక సీటు జీవితకథ అది. ఖాళీగా ఉంది, పట్టి ఉంచారు, అమ్ముడైంది. ఒక్కో స్థితి ఒక్కో గుండ్రటి మూలల పెట్టె, స్థితి మారడం బాణం, బాణం మీద కారణం. పట్టి ఉంచిన సీటు గడువు దాటితే మళ్లీ ఖాళీ. డబ్బు అందితే అమ్ముడైనది. మరి గడువు దాటి, సీటు ఖాళీ అయి, ఇంకొకరు దాన్ని పట్టాక, మొదటివాడి డబ్బు ఇప్పుడు అందితే? ‘డబ్బు అందింది’ అన్న కారణాన్ని ప్రతి స్థితి ముందూ పెట్టి ‘ఇక్కడ వస్తే ఏం చేయాలి’ అని అడుగుతూ పోతే, బాణం లేని చోట్లన్నీ ఖాళీ గడుల్లా బయటపడతాయి. డబ్బు వాపసు అన్న ఘట్టం ఆ గడుల్లోంచే పుడుతుంది.

ఈ స్థితుల బొమ్మకు ఇప్పటి రూపం ఇచ్చినవాడు ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డేవిడ్ హారెల్. 1983లో లావీ యుద్ధవిమానం తయారీలో సలహాదారుగా ఇజ్రాయెల్ విమాన సంస్థకు వెళ్లినప్పుడు అక్కడి ఇంజనీర్లకు విషయం బాగా తెలుసనీ, కాగితం మీదకు వచ్చేసరికి మాత్రం అది చెల్లాచెదురైపోయిందనీ గమనించాడు. పైలట్ ఫలానా మీట నొక్కితే ఏం జరుగుతుందన్న ప్రశ్నకు జవాబు లావుపాటి గ్రంథంలో నాలుగైదు చోట్ల ముక్కలుగా దొరికేది. స్థితిలో స్థితి ఇమిడేలా, పక్కపక్కన రెండు స్థితులు ఒకేసారి నడిచేలా అతను గీసిన బొమ్మలు 1987లో పత్రంగా వెలువడ్డాయి, తర్వాత యూఎంఎల్‌లో చేరాయి. పద్నాలుగు రకాల్లో కంప్యూటరు నేరుగా నడపగలిగేంత కచ్చితమైనవాటిలో ఇవి ఉండటం కాకతాళీయం కాదు. యుద్ధవిమానం మీట సందిగ్ధాన్ని ఒప్పుకోదు.

బొమ్మలకు ఇన్ని గుణాలుండగా వాటి ప్రతిష్ఠ ఎందుకు మసకబారింది? 1990ల చివర ఒక పెద్ద ఆశ ఉండేది. భవనానికి బ్లూప్రింటు ఎలాగో సాఫ్ట్‌వేరుకు యూఎంఎల్ అలాగ. అనుభవజ్ఞులు బొమ్మలు గీస్తారు, మిగతావాళ్లు చూసి కోడ్ రాస్తారు, కొన్నాళ్లకు ఆ మిగతావాళ్ల అవసరమూ ఉండదు, బొమ్మ నుంచే కోడ్ పుడుతుంది. రేషనల్ రోజ్ లాంటి ఖరీదైన పనిముట్లు ఆ ఆశ మీదే అమ్ముడయ్యాయి. 2003లో రేషనల్‌ను ఐబీఎం రెండు వందల కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నది.

ఈ పోలికలోనే లోపం ఉంది. భవనం విషయంలో బ్లూప్రింటు చవక, కట్టడం ఖరీదు. ప్రోగ్రాముల్లో కట్టడం అంటే కంపైలరు బటను నొక్కడం, అది దాదాపు ఉచితం. కాబట్టి బ్లూప్రింటుకు సమానమైనది బొమ్మ కాదు, కోడే అని జాక్ రీవ్స్ 1992లో ఒక వ్యాసంలో వాదించాడు. ఇంకా ముందే, 1986లో, ఫ్రెడరిక్ బ్రూక్స్ మరో మాట చెప్పి ఉన్నాడు. సాఫ్ట్‌వేరుకు స్థలంలో ఆకారం లేదు, అందువల్ల భూమికి పటంలా, చిప్‌కు నక్షాలా దానికి సహజమైన బొమ్మ ఉండదు. ఒక కోణంలో గీస్తే ఇంకో కోణం దాగిపోతుంది. పద్నాలుగు రకాల బొమ్మలు అవసరం కావడమే అతని మాటకు సాక్ష్యం అనుకోవచ్చు.

రోజువారీ కారణం మాత్రం ఇంత తాత్వికమైంది కాదు. కోడ్ మారుతుంది, బొమ్మ మారదు. తప్పు కోడ్ ఆ రాత్రే ఫోను చేసి లేపుతుంది. తప్పు బొమ్మ గోడ మీద ఫ్రేము కట్టుకుని హాయిగా ఉంటుంది. పాతబడిన బొమ్మ అసలు బొమ్మ లేకపోవడం కన్నా చెడ్డది, కొత్తగా చేరినవాళ్లు దాన్ని నమ్ముతారు గనక. 2001లో పదిహేడుమంది కలిసి ప్రకటించిన ఎజైల్ మేనిఫెస్టో దస్తావేజుల కంటే నడిచే సాఫ్ట్‌వేరుకు ఎక్కువ విలువ ఇచ్చినప్పుడు ఎంతోమంది ప్రోగ్రామర్లు ఊపిరి పీల్చుకున్నది అందుకే. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీకి చెందిన మేరియన్ పెట్రె యాభైమంది అనుభవజ్ఞులైన డెవలపర్లతో మాట్లాడి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ముప్పై ఐదుగురు యూఎంఎల్ అసలు వాడటం లేదన్నారు. పదకొండుమంది తమకు కావలసిన ముక్కలు ఏరుకుని వాడతామన్నారు. సంపూర్ణ భక్తులు ఒక్కరూ తేలలేదు.

యూఎంఎల్‌కు సంపూర్ణ భక్తి దక్కిన చోటు ఒకటుంది: ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ రికార్డు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లలో ఏటీఎం యంత్రానికి యూజ్ కేస్ డయాగ్రం గీయనివారు అరుదు. పుల్లల మనిషి, అతని పక్కన ‘డబ్బు తీయుట’ అనే కోడిగుడ్డు, ఇంకోవైపు బ్యాంకు. సీనియరు రికార్డు చూసి, స్కేలు పెట్టి, పెన్సిలుతో, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు వచ్చేలోగా. ఒక ఖాతాకు ఎన్ని కార్డులు, ఒక కార్డుకు ఎన్ని ఖాతాలు అన్న అంకెలు కూడా సీనియరు రికార్డు నుంచే దిగుతాయి. గీత అడిగిన ప్రశ్న ఎవరికీ వినబడదు, జవాబు ముందే రాసి ఉంది మరి. అదే బొమ్మను నలుగురు విద్యార్థులు ఒక బోర్డు ముందు నిలబడి, ఇంట్లోవాళ్ల జాయింట్ ఖాతాలను తలచుకుంటూ, కొట్టివేతలతో గీస్తే రికార్డు అంత శుభ్రంగా రాదు, మార్కులూ తగ్గుతాయి.

పద్ధతుల యుద్ధం ఇంకా ముదరకముందే, 1989లో, కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ ఇంకో దారి చూపించారు. బొమ్మ కూడా అక్కర్లేదు, ఒక్కో క్లాసుకు ఒక్కో అట్ట ముక్క చాలు. మీద పేరు, ఎడమ పక్క బాధ్యతలు, కుడి పక్క తోడు కావలసినవారి పేర్లు. జట్టులో ఒక్కొక్కరూ ఒక్కో కార్డు పట్టుకుని ‘నేను ట్రిప్పును, నన్ను సీటు అడుగుతున్నారు, నేను ఎవరిని అడగాలి’ అంటూ పాత్ర కట్టాలి. కార్డు కొలత నాలుగంగుళాలూ ఆరంగుళాలే. అందులో పట్టనన్ని బాధ్యతలు ఉన్నాయంటే ఆ క్లాసును రెండుగా చీల్చే వేళ వచ్చిందన్నమాట. చిన్న కాగితం పెట్టే ఇలాంటి హద్దు ఎంత పెద్ద తెరకూ సాధ్యం కాదు.

గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ 1994లో ప్రచురించిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ పుస్తకం బొమ్మలకు ఇంకో బతుకుదారి చూపింది. మళ్లీ మళ్లీ ఎదురయ్యే డిజైను చిక్కులకు అందులో ఇచ్చిన ఇరవై మూడు నమూనాలకూ బొమ్మలున్నాయి, అవి గీసింది రంబా పద్ధతిని అనుసరించి. ఒక్కో నమూనాకు నాలుగైదు పెట్టెలు, అంతే. ఎవరి ప్రోగ్రామునూ పూర్తిగా చూపే బొమ్మలు కావవి. రాగానికి ఆరోహణ అవరోహణల్లాంటివి. పాడేవాళ్ల పాట వేరు, గీత ఒకటే. కోడ్ భాషలు మారినా ఆ బొమ్మలు పాతబడకపోవడానికి కారణం, వాటిలో ఉన్నది తక్కువ కావడమే. నాలుగు వందల క్లాసుల ప్రాజెక్టు మొత్తాన్ని పనిముట్టుతో ఒక్క కాగితం మీదికి లాగితే వచ్చేది సాలెగూడు. అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు, పనికొచ్చేదీ ఉండదు. ఏ ఆరు పెట్టెలు ఉంచాలో, ఏ మూడు వందల తొంభై నాలుగు తీసేయాలో నిర్ణయించడంలోనే గీసేవారి తెలివి ఉంది.

ఇప్పుడు బొమ్మలు రెండు చోట్ల బతుకుతున్నాయి. ఒకటి మీటింగు గదిలోని తెల్ల బోర్డు. పెట్టెల మూలలు కలవవు, నిండు వజ్రానికీ బోలు వజ్రానికీ తేడా ఉండదు, ఒక గీత పక్కన ప్రశ్నార్థకం. చివర్లో ఎవరో ఫోనుతో ఫొటో తీసుకుంటారు. ఆ ఫొటోను మళ్లీ తెరిచి చూసేవాళ్లు తక్కువే, అయినా నష్టం లేదు. ఆ గదిలో ఉన్న ఐదుగురికీ ‘ట్రిప్పు’ అంటే ఇక మీదట ఒకటే అర్థం.

రెండోది కోడ్ పక్కనే ఉండే చిన్న ఫైలు. 2009లో వచ్చిన ప్లాంట్‌యూఎంఎల్, 2014లో వచ్చిన మర్మెయిడ్ లాంటివి బొమ్మను గీయనివ్వవు, రాయిస్తాయి. ‘సర్వీసు నుంచి ట్రిప్పుకు, ఒకటికి ఎన్నైనా’ అని ఒక వరస టైపు చేస్తే గీత అవే లాగుతాయి. గిట్‌హబ్ 2022 నుంచి మర్మెయిడ్ వరసలను పేజీలోనే బొమ్మగా చూపిస్తోంది. కోడ్ దిద్దినవారే అదే విడతలో బొమ్మనూ దిద్దవచ్చు. ఎవరు ఎప్పుడు ‘1’ని ‘0..*’గా మార్చారో చరిత్రలో నిలిచిపోతుంది, ఎందుకు మార్చారో పక్కన ఒక ముక్క రాసి ఉంటే అదీ తెలుస్తుంది. బొమ్మ పాతబడటమన్న పాత జబ్బు దీంతో చాలావరకు నెమ్మదించింది. పోయిందీ ఒకటుంది. ఏ పెట్టె ఎక్కడ కూర్చోవాలో ఇప్పుడు యంత్రం నిర్ణయిస్తుంది. చేత్తో గీసేటప్పుడు దగ్గరివాటిని దగ్గరగా, ముఖ్యమైనదాన్ని నడుమ, అనుమానం ఉన్నదాన్ని ఒక మూలకు పెట్టడం గీసేవారికి తెలియకుండానే జరిగిపోయేది. యంత్రం గీసిన బొమ్మలో గీతలు వీలైనంతవరకు ఒకదాన్నొకటి దాటకుండా నీటుగా ఉంటాయి. ‘ట్రిప్పు’ పెట్టె మాత్రం ఏ అంచునో తేలుతుంది.